పత్తా డబ్బా

చిన్నమామ పోయినప్పుడు మా ఇంట్లో ఏడుపుల మధ్య మాటిమాటికీ వినిపించిన ప్రశ్న ఒకటే, "డబ్బా ఏది?" అని. పలకరించడానికి వచ్చినవాళ్లు నగల డబ్బా అనుకొని ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నగలా పాడా. అది సకినాల డబ్బా. అందులో సకినాలు కూడా లేవు.

ఎనభైల చివరి మాట ఇది. చిన్నమామ అంటే మా మామగారి తమ్ముడు. ఊరందరి పెళ్లిళ్లకూ పోయేవాడు, తన పెళ్లి మాటెత్తితే మాత్రం సైకిలెక్కి మాయమయ్యేవాడు. ఆ సైకిలుకు బ్రేకులుండవు. కుడికాలు నేలకు రాసి ఆపేవాడు కాబట్టి కుడి చెప్పు ఎప్పుడూ అరిగిపోయి, ఎడమ చెప్పు కొత్తగా మెరుస్తూ ఉండేది. గుర్తు కోసం భుజం మీది తువ్వాలకు ముడి వేసుకొని, ఆ ముడి ఎందుకు వేశాడో మమ్మల్నే అడిగేవాడు. ఏదైనా చెప్పబోయే ముందే నవ్వేసేవాడు. ఆ నవ్వు చూసి మేం నవ్వేవాళ్లం. చివరికి అసలు మాటేమిటో ఎవరికీ అక్కరలేకపోయేది. అలాంటి మనిషి మా మూడు దుకాణాల కాగితాలనూ చక్కబెడతానని నడుం కట్టాడు.

నేను వర్ధన్నపేట నుంచి వరంగల్‌కు కోడలిగా వచ్చేసరికి డెబ్బైలు సగం దాటాయి. మార్కెట్లో మామగారి మిర్చి దుకాణం, హన్మకొండ చౌరస్తాలో మా ఆయన బట్టల దుకాణం, కాశిబుగ్గలో చిన్నమామ నూలు దుకాణం. దుకాణానికో మతం. మామగారు ఉర్దూలో చదువుకున్నవారు. ఎర్రగుడ్డ అట్టల పుస్తకాల్లో కుడి నుంచి ఎడమకు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేవారు. మా ఆయనకు రాయడమంటేనే బద్ధకం. వచ్చిన చిట్టీ వచ్చినట్టే ఒక ఇనుప తీగకు గుచ్చేసేవాడు. చిన్నమామ గోడ మీద రాసేవాడు. ఏ నేతగాడు ఏ నెంబరు నూలు ఎన్ని కట్టలు పట్టుకుపోయాడో అంతా దుకాణం తలుపుకు ఎడమ పక్క గోడ మీద వడ్రంగి పెన్సిలుతో ఉండేది. ఇక అత్తమ్మ కాగితం ముట్టేది కాదు, అన్నీ ఆమెకు నోటికే. ఆమె నిద్రపోతే ఆ దుకాణం మూసినట్టే లెక్క.

ఒకనాడు ఏదో రసీదు కావాలన్నారు మామగారు. మా ఆయన తీగ మీది చిట్టీలన్నీ ఊడదీసి చూశాడు. దొరకలేదు. తిరిగి గుచ్చబోతే తీగ వేలికి దిగి నెత్తురొచ్చింది. చిన్నమామ ఆ వేలికి పసుపు అద్దుతూ ప్రకటించాడు.

"ఇగ మనింట్ల ఏ కాగితమైనా ఒక్క తావున దొరకాలె. ఏడున్నదని మనిషి దేవులాడుడు బందు."

మర్నాడు రిక్షాలు కట్టించి మార్కెట్ నుంచి ఎర్ర పుస్తకాలూ, హన్మకొండ నుంచి తీగలూ మా ఇంటి ముందుగదిలోకి చేరేశాడు. అంతటితో ఊరుకోక ఎర్ర పుస్తకాలకు పేజీ నెంబర్లు వేశాడు. ఎడమ నుంచి. ఉర్దూ పుస్తకం కుడి వైపు నుంచి మొదలవుతుందని ఆయనకు తెలియదా అంటే తెలుసు. పుట్టినప్పటి నుంచి అన్నను చూస్తూనే ఉన్నాడు. అయినా చెయ్యి తన అలవాటు మానలేదు. మార్కెట్లో ఎవరో రైతు పాత సంగతి అడిగితే మామగారు పుస్తకం కోసం రిక్షా కట్టించుకొని ఇంటికొచ్చారు. పుస్తకం తెరిచి, ఆ నెంబర్లు చూసి, తమ్ముణ్ణి కేకేశారు.

"ఏందిరా ఇది. మొన్న రాసింది మొదటి పేజీ అయింది, మన నాయిన కాలంది ఆఖరుకు పోయింది."

"దాంట్ల తప్పేమున్నదన్నా. కొత్తది ముందుగాల దొరుకుతది గద," అన్నాడు చిన్నమామ, నిజంగానే సంతోషంగా.

సాయంత్రానికల్లా ఆ రిక్షాలే ఆ పుస్తకాలను మార్కెట్లో దింపొచ్చాయి. చిన్నమామ రెండు పూటలు అన్నం దగ్గర నవ్వలేదు. మా ఇంట్లో అదెంత పెద్ద సంగతంటే అత్తమ్మ ఆయనకు దిష్టి తీసింది.

ఆ అలకలోనే ఒక పొద్దున వంటింటి గడప దగ్గర కూలబడ్డాడు. నేను చిక్కుడుకాయలు గిల్లుతున్నాను.

"బిడ్డా, నీ తల్లిగారిల్లు వర్ధన్నపేట. నిన్ను మేం గిక్కడికి తెచ్చుకున్నం. మరి మీ అమ్మకు నీతోని పని పడితే ఏం జేస్తది?"

"కార్డుముక్క రాస్తది మామా."

"ఏడికి రాస్తది?"

"గీ పత్తాకే."

ఆయన లేచి నిలబడ్డాడు. కాలు తగిలి చిక్కుడుకాయల చాట బోర్లా పడింది. "అగో, పత్తా," అన్నాడు. మా దిక్కు పత్తా అంటే చిరునామా. మనిషి కనబడకుండా పోతే పత్తా లేడంటాం. "మీ అమ్మ నిన్ను పెట్టెల పెట్టి తాళం వేసుకోలె. నీ పత్తా పెట్టుకున్నది. కాగితమూ గంతే. దాని ఇంట్ల అదుండనీ. మన దగ్గర పత్తా ఉంటె చాలు."

అలా పుట్టింది పత్తా డబ్బా. అత్తమ్మ సకినాలు పోసుకునే పెద్ద రేకు డబ్బాను ఆమె గుడికి పోయిన సందు చూసి ఎత్తుకొచ్చాడు. సకినాలు గంపలోకి పోయాయి, మెత్తబడ్డాయి. అత్తమ్మ ఆ సంగతి జీవితాంతం తలుచుకుంది. కార్డులకు పెండ్లి కార్డుల వెనకవైపు వాడాం. అవి దళసరిగా ఉంటాయి, ఊరికే వస్తాయి. అందుకే మరిపెడలో ముక్కూమొహం తెలియని వాళ్ల పెళ్లయినా చిన్నమామ బస్సెక్కేవాడు. భోజనం చేసి, ఆశీర్వదించి, మిగిలిన కార్డులన్నీ కట్టకట్టి తెచ్చుకునేవాడు. మా కార్డులన్నిటికీ మూలల్లో పసుపు ఉండేది, నువ్వుల నూనె వాసన ఉండేది.

రాసేదాన్ని నేను. ముందుగదిలో కోడలు కూర్చోవడమేమిటని మామగారు మొదట గొణిగారు. "నా దస్తూరి నాకే తెలుస్తలేదు, ఆమెది అచ్చుగుద్దినట్టున్నది," అని చిన్నమామ నాకు ఎత్తుపీట వేయించాడు. నిజం చెబుతున్నాను, పెళ్లయ్యాక ఆ ఇంట్లో నేను సంతోషంగా కూర్చున్న మొదటి చోటు అదే. ఆయన సైకిలు మీద మూడు దుకాణాలూ తిరిగొచ్చి చెప్పేవాడు, నేను రాసేదాన్ని. "లారీ రసీదు. హన్మకొండ, రెండో తీగ, నడుమ." "గోదాం కిరాయి కాగితం. మార్కెట్, ఎర్ర పుస్తకం, దీపం బొమ్మ గీసిన పేజీ." మామగారు ఉర్దూలోనే రాసుకున్నారు, మా ఆయన తీగకే గుచ్చుకున్నాడు. ఎవరి మతం వారిది. పత్తా మాత్రం నా దస్తూరిలో, ఒక్క డబ్బాలో. అత్తమ్మకు కూడా కార్డులున్నాయి. "పాత బాకీల ముచ్చట్లు. వదినె. పొద్దున చాయ్ తాగినంక అడగాలె, అంతకు ముందు అడగొద్దు." ఈ కార్డు ఎవరు చదివి వినిపించారో గాని రెండు రోజులు మాకు చాయ్ పుట్టలేదు.

పనికిమాలిన కాగితాల కార్డులకు చిన్నమామ మూల కత్తిరించేవాడు. హోళీకి ముందు కాముణ్ణి కాల్చేటప్పుడు వాడ పిల్లలకు ఆ కాగితాలు అప్పగించేవాడు. ఒక్కసారి మా ఆయన అవసరమైన చిట్టీల తీగ కూడా కాముడికి ఇచ్చేస్తే, చిన్నమామ పిల్లల వెంట పడి తెచ్చాడు. ఇంతలో డబ్బా పేరు ఊళ్లు దాటింది. చుట్టాల్లో ఎవరో పత్తాను పట్టాగా విన్నారు. చిన్నమామ దగ్గర భూముల పట్టాలు డబ్బా నిండా ఉన్నాయని, ఒక దూరపు అన్నదమ్ముల జంట సద్దికట్టుకొని వచ్చి తమ వాటా అడిగింది. చిన్నమామ డబ్బా వాళ్ల ముందు బోర్లించాడు. వాళ్లు పెండ్లి కార్డులు తిరగేసి తిరగేసి, అందులో తమ పెండ్లి కార్డే కనబడితే మెత్తబడి, అన్నం తిని పోయారు.

నాకు ఒకటే సందేహం. "మామా, అన్నిటికీ పత్తా రాస్తున్నం గద. డబ్బాది ఏడ రాసిండ్రు? అదే పోతే?"

"డబ్బా నా చంకల ఉంటది. దానికి పత్తా ఎందుకు?"

"మరి మీరు పోతే?" అన్నాను ఒకసారి, చిన్నతనం, నోరు జారి. ఆయన నవ్వేశాడు. "ఫికర్ చెయ్యకు. అదీ రాస్త తియ్," అన్నాడు. ఆ తర్వాత నేనెప్పుడు అడిగినా అదే నవ్వు, అదే మాట.

అసలు పరీక్ష బతుకమ్మ పండగ ముందు వచ్చింది. ఆ రోజుల్లో నూలుకు లైసెన్సు ఉండేది. మగ్గం ఉన్నవాళ్లకే ఇవ్వాలి, దొంగచాటుగా అమ్మకూడదు. మేం అమ్ముతున్నామని ఎవరో పుణ్యాత్ముడు అర్జీ పెట్టాడు. ఆఫీసరు చూడటానికి వస్తున్నట్టు కబురొచ్చింది. కిందటి లారీలో నూలు వచ్చిన రసీదు, అది పుస్తకంలో ఎక్కిన పేజీ, ఎవరెవరికి ఇచ్చామో ఆ వివరం, మూడూ చూపాలి. మూడు దుకాణాల్లో దేనికి సరుకొచ్చినా రసీదు మా ఆయన తీగకూ, లెక్క మామగారి ఎర్ర పుస్తకంలోకీ చేరేవి. ఒక్కటి లేకున్నా లైసెన్సు రద్దు, కాశిబుగ్గ దుకాణానికి తాళం. చిన్నమామకు ఆ దుకాణం తప్ప ఇంకో లోకం లేదు. పండగ ముందు నూలు ఆగితే ఆ వాడలో మగ్గాలూ ఆగుతాయి. మామగారు పైకి చెప్పలేదు గాని అన్నం సరిగా తినలేదు.

చిన్నమామ మాత్రం "డబ్బా ఉన్నది గద," అని దాన్ని నాకు అప్పగించి మరిపెడకు ఒక పెళ్లికి పోయాడు, ఆఫీసరు వచ్చే పొద్దుటికి వచ్చేస్తానని.

ఆ పొద్దున నేనూ అత్తమ్మా రిక్షాలో కాశిబుగ్గకు బయలుదేరాం. నా ఒళ్లో డబ్బా, రసీదు, ఎర్ర పుస్తకం. ఆమె ఒళ్లో ఆఫీసరు కోసం గారెలు. దారి పొడుగునా అత్తమ్మ మొహం వెలిగిపోతోంది. ఎందుకో దుకాణం తలుపు తీశాక తెలిసింది. గోడలన్నీ తెల్లగా, మల్లెపూల్లా ఉన్నాయి. ఎడమ గోడ కూడా.

"నిన్ననే సున్నం వేపిచ్చిన," అంది అత్తమ్మ. "ఎన్నేండ్లసంది చెప్తున్న, ఆ గోడ ముట్టనియ్యడు. ఆయన ఊళ్లె లేడు గదా అని కానిచ్చిన. అంత గలీజు గోడ ఉంటె పండుగకు లక్ష్మి వస్తదా?"

నేతవాళ్ల లెక్కంతా ఉన్నది ఆ గోడ మీదే. ఇంతలో ఆఫీసరు, ఆ వెనకే రొప్పుతూ చిన్నమామ, బస్సు దిగి దిగినట్టే, చంకలో పెండ్లి కార్డుల కట్టతో. గోడకు వీపు పెట్టి ఆఫీసరుకు ఎదురుగా నిలబడ్డాడు. నేను కళ్లతో సైగ చేశాను. "కండ్లల్ల నలక పడ్డదా బిడ్డా?" అన్నాడు. "మామా, గోడ..." అన్నాను. "జర ఆగు. సార్‌ను అడగనియ్," అన్నాడు.

ఆఫీసరు కోస్తా మనిషి, మంచి ఇస్త్రీ చొక్కా. "వచ్చిన రసీదు చూపించండి," అన్నాడు. కార్డు తీశాను, చిన్నమామ చదివాడు, రెండో తీగ నుంచి తెచ్చిన రసీదు ముందుంది. పుస్తకం అడిగాడు. కార్డు, ఎర్ర పుస్తకం, పేజీ. అందులోని ఉర్దూ చిన్నమామ చదివి చెప్పాడు. ఆఫీసరు కార్డు తిరగేసి ఎవరి పెళ్లో చదువుకొని తల పంకించాడు. "బాగుందండీ ఈ పద్ధతి. మరి నేతవాళ్లకు ఇచ్చిన వివరం?"

చిన్నమామ ముందే నవ్వాడు. మూడో కార్డు అందుకొని గట్టిగా చదివాడు. "కాశిబుగ్గ దుకాణం. గోడ. తలుపుకు ఎడమ దిక్కు, మేకు కింద." చెయ్యి వెనక్కి చాపి, "ఇగో," అన్నాడు.

"ఏదండీ? ఇక్కడ గోడ తప్ప ఏమీ లేదే."

"గోడనే సార్," అంటూ వెనక్కి తిరిగాడు.

ఆయన మొహంలో నవ్వు అంతలా ఆరిపోవడం నేను చూసింది అదొక్కసారే. కార్డు పట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. నాకు ఏడుపొచ్చింది. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "నాకేమెరుక తమ్మీ," అంది చిన్న గొంతుతో. ఆఫీసరు మేకు కింద అరచేత్తో రాసి చూశాడు. చేతికి సున్నం అంటింది, అంతే.

"రికార్డు పత్తా లేదని రాసుకోమంటారా?" అన్నాడు. వెటకారం కాదు, మామూలుగానే అన్నాడు. ఆ మాట ఆ మాటే కావడం మా ఖర్మ.

అత్తమ్మ చెంబుతో నీళ్లందించింది. ఆయన గడపలో చెయ్యి కడుక్కొని, తుడుచుకోవడానికేమీ లేక వేళ్లు విదిలించాడు. చుక్కలు ఎడమ గోడ మీద పడ్డాయి. ఒక చుక్క పడ్డచోట తెలుపు పలచబడి, లోపలి నుంచి నల్లగా ఒక కొమ్ము, దాని పక్కన అర సున్న పైకొచ్చాయి. నేను చూశాను. చిన్నమామ కూడా చూశాడు.

"వదినె, గా చెంబియ్యి."

నీళ్లు గోడకు కొట్టాడు. ఒక్క పూత సున్నం, తడిసేసరికి పల్చని చీరలా అయిపోయింది. దాని అడుగున వడ్రంగి పెన్సిలు అక్షరాలు వరసగా లేచాయి, మల్లయ్య, నలభై నెంబరు, అయిదు కట్టలు. "చదువు బిడ్డా, జల్ది," అన్నాడు. చదివాను. ఆఫీసరు రసీదుతో సరిచూసుకొని గీత పెట్టుకున్నాడు. ఈలోపు మొదటి వరస ఆరిపోయి మళ్లీ తెల్లబడింది. చెంబు చాల్లేదు. బయట లైసెన్సు సంగతేమవుతుందో అని గుమిగూడిన నేతవాళ్లు బిందెలతో వచ్చారు. నేను ఎవరి పేరు చదివితే వాళ్లే ఎగిరి, "గది నాదే సార్," అని ఇంకో చెంబు కొట్టారు. అత్తమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపుకొని పై వరసలకు కొట్టింది, ఆమె గురి బాగుంది. నూలు కట్టలు వెనక్కి లాగేవాళ్లు లాగుతున్నారు, జారిపడేవాళ్లు పడుతున్నారు. నేను నవ్వుతూ చదువుతుంటే అంకెలు తడబడుతున్నాయి. ఆఫీసరు ఇస్త్రీ చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

"నన్నెందుకండీ తడుపుతున్నారు, నా మీద ఏమీ రాసి లేదు," అన్నాడాయన.

అప్పుడు చిన్నమామ నవ్వాడు. గోడకు చేతులానించి, సున్నపు నీళ్లు మొహం మీద కారుతుంటే, ఊపిరాడనంత నవ్వాడు. చివరి వరస దాకా లెక్క సరిపోయింది.

గారెలు తింటూ ఆఫీసరు తన కాగితం నింపాడు. ఒక గడి దగ్గర ఆగాడు. "రికార్డు ఉన్న స్థలం అని ఉంది. ఏం రాయను?"

"రాయుండ్రి సార్. గోడ, తలుపుకు ఎడమ దిక్కు, మేకు కింద. తడిపి చూడవలెను."

ఆయన అలాగే రాశాడు. మా లైసెన్సు నిలబడింది. ఆ ఏడు కాశిబుగ్గలో బతుకమ్మ పాటల మధ్య ఆడవాళ్లు మా గోడ మీద కూడా ఒక పాట కట్టుకున్నారట, నేను వినలేదు, అత్తమ్మ విని ఇంటికొచ్చి తిట్టింది.

తర్వాత చిన్నమామ ఒక మంచి పుస్తకం కొని అందులోనే రాయించాడు. కానీ గోడ మీద ప్రేమ పోలేదు. ప్రతి పండక్కీ సున్నం వేసేవాళ్లను తనే పిలిచి, "ఎడమ గోడకు ఒక్క పూతనే, రెండోది వెయ్యొద్దు," అని చెప్పేవాడు. వాళ్లకు అర్థమయ్యేది కాదు.

ఆయన పోయాక డబ్బా కోసం మేం వెతకని చోటు లేదు. అటకలు, గోదాం, ఆయన సైకిలు సీటు కింద కూడా చూశాం. దినాలు జరుగుతుండగానే ఒకరి తర్వాత ఒకరు నా దగ్గరికొచ్చేవారు. "బిడ్డా, గోదాం కిరాయి కాగితం ఏడున్నది?" అని మామగారు. "రెండో ఎర్ర పుస్తకం మామా, దీపం బొమ్మ పేజీ." "కరెంటు మీటరు కాగితం?" అని మా ఆయన. "మీ తీగలోనే, అడుగున." చెబుతూనే పప్పు రుబ్బేదాన్ని, రుబ్బుతూనే చిన్నమామను తిట్టేదాన్ని. ఇంత చేసినాయన ఆ డబ్బా పత్తా రాయకుండా పోయాడే అని. కోపంగా ఉంటే ఏడుపు రాదు కదా, అందుకని కోపంగానే ఉన్నాను.

దినాలయ్యాక దుకాణం మళ్లీ తెరవాలని సున్నం వేసే అతన్ని కాశిబుగ్గకు తీసుకెళ్లాను. పాత పొరలు గీకే ముందు గోడ తడపాలని అతను బకెట్‌తో నీళ్లు చల్లాడు. ఎడమ గోడ మీద, మేకు కింద, పాత పేర్ల మీదుగా ఏటవాలుగా ఒక వరస పైకొచ్చింది. ఆయన వంకర దస్తూరి. నాకు తప్ప ఎవరికీ అర్థం కాని దస్తూరి.

"డబ్బా పత్తా: మా కోడలుపిల్ల."

ఎప్పుడు రాశాడో ఎవరికి తెలుసు. చివరి రోజుల్లో నేనడిగినప్పుడల్లా నవ్వాడే, అది రాసేశాకనే అయి ఉంటుంది. నూలు కట్ట మీద కూర్చుండిపోయాను. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది, ఏడుస్తూ నవ్వాను కూడా. రేకు డబ్బా ఈనాటికీ దొరకలేదు.

నేను తేరుకునేలోపే అక్షరాలు ఆరిపోవడం మొదలైంది. 'పిల్ల' ముందు పోయింది, తర్వాత 'కోడలు' పోతోంది.

"గీకనా అమ్మా?" అన్నాడు సున్నం వేసే అతను.

"జర ఆగు. ఇంకో చెంబు పొయ్యి," అన్నాను.

పోశాడు. ఆరింది. మళ్లీ పొయ్యమన్నాను. ఆ రోజు ఇక సున్నం పని సాగలేదు.